నాలుగో గీతలో అమ్మాయి

“ఎవరూ చెయ్యి పెట్టకండి! అది వచ్చి చెప్పేదాకా ఒక్కరు కూడా ముద్ద ముట్టడానికి వీల్లేదు!”

ఆదివారం మధ్యాహ్నం, లంగర్‌హౌస్‌లో ఒక సందు. మూడో అంతస్తులో పుట్టిన ఆ ఆడగొంతు సందు మొదట్లో ఉన్న ఇస్త్రీ బండి దాకా వినిపించింది. పావని ఠక్కున ఆగిపోయింది.

“మాస్టారూ, వాళ్ళింట్లో ఏదో గొడవగా ఉన్నట్టుంది. ఇంకోసారి వద్దామండీ.”

సన్నిబాబు మాస్టారు వినిపించుకోలేదు. ముప్పై ఏళ్ళు డ్రిల్లు మాస్టారుగా ఈల ఊదిన మనిషి. అవసరమైనప్పుడు చెవుడు తెచ్చుకోవడం ఆయనకు బాగా తెలుసు. మెట్లెక్కడం మొదలుపెట్టారు.

ఇంతకీ వీళ్ళు ఇక్కడికెందుకొచ్చారో చెప్పాలి కదా. పావని నాలుగు వందల మీటర్లు పరుగెత్తుతుంది. రెండేళ్ళుగా ఏ పోటీకి వెళ్ళినా రెండో స్థానమే. మొదటిది అడాకుది. అడాకు వాళ్ళది నైజీరియా. నాన్న ఒకోరో గారు చదువుకోవడానికి హైదరాబాదు వచ్చి, బట్టల వ్యాపారం పెట్టుకుని ఇక్కడే ఉండిపోయారు. పిల్ల ఇక్కడే పుట్టింది. తెలుగులో తిట్టడం మొదలుపెడితే మనం పక్కకి తప్పుకోవాల్సిందే. మరో పన్నెండు రోజుల్లో పూనా నుంచి ఒక క్లబ్బు వాళ్ళు వస్తున్నారు. నెలనెలా జీతమిచ్చి పరుగెత్తించే క్లబ్బు. తీసుకునేది మాత్రం ఒక్కరినే. నిన్నటి పోటీలో మళ్ళీ రెండో స్థానంలో వచ్చిన పావని తిన్నగా మాస్టారి దగ్గరికి వెళ్ళి నిలదీసింది.

“ఒక్క మాట అడుగుతాను, దాచకుండా చెప్పండి. ఇంగ్లండు ఫుట్‌బాల్ చూసినా, అమెరికా బాస్కెట్‌బాల్ చూసినా, బాక్సింగ్ చూసినా ఎక్కడో ఒకచోట నైజీరియా పేరుంటోంది. ఎలా గెలుస్తున్నారండీ వాళ్ళు? అది వాళ్ళ ఎముకల్లోనే ఉందా? ఉంటే ఉందని చెప్పెయ్యండి. మందుల షాపులో ఉద్యోగం ఇస్తామన్నారు, చేరిపోతాను. ఇంక నావల్ల కాదు.”

ఇంకొకరైతే గంటసేపు ఉపన్యాసం ఇచ్చేవారు. మాస్టారు మాత్రం, “రేపు మధ్యాహ్నం ఇంట్లో అన్నం తినకు” అన్నారు. అంతే.

మూడో అంతస్తులో తలుపు బార్లా తీసే ఉంది. లోపల పదిమంది దాకా పెద్దవాళ్ళు, చర్చికి కట్టుకెళ్ళిన బట్టలతోనే గోడల వెంబడి నిలబడి ఉన్నారు. మధ్యలో బల్ల మీద టమాటాలతో వండిన ఎర్రటి అన్నం, సంకటి లాంటి తెల్లటి ముద్దలు, పుచ్చగింజలు నూరిపోసిన మాంసం పులుసు. ఆవిరి తగ్గిపోతోంది. అయినా ఒక్కరూ కూర్చోలేదు. ఒకోరో గారు గుమ్మం దాకా వచ్చి పాత స్నేహితుడిలా మాస్టారి చేతులు పట్టుకున్నారు. “నా శిష్యురాలు” అన్నారు మాస్టారు. పేరు చెప్పలేదు.

లోపలి గదిలోంచి అడాకు వచ్చింది. గెలిచిన పిల్లకి దండ వేస్తారేమో అనుకుంది పావని. దండా లేదు, ఏమీ లేదు. తలకి నిగనిగలాడే గుడ్డ ఎత్తుగా చుట్టుకున్న తల్లి ఎదురుగా వచ్చి నిలబడింది. ఇందాకటి గొంతు ఈవిడదే. మాటలు ఇంగ్లీషులోనే సాగాయి గానీ, పావని చదివిన డిగ్రీ వాటికి సరిపోయింది.

“నిన్న ఎంతలో వచ్చావు?”

“మొదట వచ్చానమ్మా.”

“అది సందు చివర ఇస్త్రీ చేసే అతనికి కూడా తెలుసు. ఎంతలో వచ్చావు?”

“యాభై ఆరు సెకన్లు.”

“పోయిన నెల?”

“...యాభై ఆరు.”

“నాలుగో గీతలో అమ్మాయి?”

పావని ఒక అడుగు వెనక్కి వేసింది. నాలుగో గీతలో పరుగెత్తింది తనే.

“యాభై ఆరున్నర.”

“పోయిన నెల?”

అడాకు గొంతు ఇంకా తగ్గింది. “యాభై ఎనిమిది.”

గోడల వెంబడి గుసగుస మొదలైంది. ఒక పెద్దాయన తల అడ్డంగా ఊపి, “నెలంతా నువ్వు నిలబడ్డావు, ఆ పిల్ల పరుగెత్తింది” అన్నాడు. తన టైము అంత తగ్గిందన్న సంగతి పావనికి ఆ క్షణం దాకా తట్టనేలేదు. ఆమె చూసేది ఎప్పుడూ ముందున్న వీపునే.

తల్లి ఊరుకోలేదు. “ఎవరే ఆ పిల్ల? ఏం తింటుంది? ఎన్నింటికి లేస్తుంది? వాళ్ళమ్మ కూడా పరుగెత్తేదా? అది వాళ్ళ ఎముకల్లోనే ఉందా ఏమిటి?”

అడాకు తలెత్తింది. అప్పుడు కనపడింది పావని. వద్దన్నట్టు పావని కళ్ళతోనే బతిమాలింది. అడాకు వింటేనా!

“నన్నెందుకమ్మా అడగడం? అదిగో, గుమ్మం దగ్గరే నిలబడింది. దాన్నే అడుగు.”

ఇరవై కళ్ళు ఒక్కసారి ఇటు తిరిగాయి. కిందికి పరుగెడదామంటే మాస్టారు గుమ్మానికి అడ్డంగా నిలబడి, పైకప్పులో ఏదో వింత ఉన్నట్టు చూస్తున్నారు. తల్లి మెల్లగా దగ్గరికొచ్చి, పావనిని పాదాల నుంచి తల దాకా చూసింది. ఈసారి తెలుగులోనే అడిగింది.

“నువ్వేనా అమ్మాయ్?”

“నేనేనండీ.”

“పూనా వాళ్ళ ముందు పరుగెత్తుతున్నావా, లేదా? సరిగ్గా చెప్పు.”

లేదు అనే మాట నాలుక చివరనే ఉంది. ఆ ఒక్క మాట అనేస్తే ఆవిడ బెంగ తీరుతుంది, పదిమందీ అన్నం తింటారు, తను సోమవారం షాపులో చేరిపోవచ్చు. పావని అడాకు వైపు చూసింది. రెండేళ్ళుగా వీపు తప్ప చూడని పిల్ల ముఖం. ఊపిరి బిగబట్టి, పెదవి కొరుక్కుంటూ, తను ఏమంటుందోనని భయపడుతోంది. అచ్చం తనలాగే.

“పరుగెత్తుతానండీ” అంది పావని. “ఈసారి నా వీపు చూడ్డానికి మీ అమ్మాయిని సిద్ధంగా ఉండమనండి.”

“అబ్బో! కలలో చూస్తాలే!” అంది అడాకు తడుముకోకుండా.

ముందు ఆ పెద్దాయన నవ్వాడు. తర్వాత ఇల్లంతా నవ్వింది. తల్లి చేతులు చరిచి, “విన్నావుటే? రేపు ఇంకో గంట ముందు లేస్తావు. కూర్చోండి, అందరూ కూర్చోండి, చల్లారిపోతోంది!” అని కేకేసింది. చేతులు కడుక్కునే గిన్నె ఒకరి నుంచి ఒకరికి తిరిగింది. కుర్చీలు చాలక సగం మంది చాపల మీద సర్దుకున్నారు. పావనికి అడాకుకీ మాస్టారికీ మధ్య చోటు దొరికింది.

వడ్డన తల్లిదే. గరిటెతో పులుసు అడుగు దాకా కలిపి, అన్నిటికంటే పెద్ద మాంసం ముక్క పైకి తీసింది. అడాకు పళ్ళెం ముందుకు జరిపింది. గరిటె ఆ పళ్ళెం దాటి వెళ్ళి పావని పళ్ళెంలో వాలింది.

“అమ్మా, అన్యాయం!” అంది అడాకు.

ఆవిడ తర్వాతి పళ్ళేనికి వెళ్ళిపోయింది.

పావని మాస్టారి చెవి దగ్గరికి వంగింది. “ఇదేంటండీ, సొంత కూతుర్ని పక్కన పెట్టుకుని నాకేసింది?”

మాస్టారు ముద్ద పులుసులో ముంచుతూ అన్నారు: “ఎందుకేసిందో తెలిసిన రోజున వాళ్ళెలా గెలుస్తున్నారని నన్నింక అడగవు. తిను.”