గురువుగారు టీకి వెళ్ళిన రోజు

మద్దిలేటికి పెద్ద కష్టం వచ్చిపడింది. వాళ్ళ గురువుగారు టీ తాగడం లేదు.

నవ్వకండమ్మా. ముందు సంగతి వినండి, తర్వాత అందరం కలిసే నవ్వుకుందాం.

నంద్యాల దగ్గర ఒక ధర్మాసుపత్రి ఉండేది. అక్కడ ఊపిరాడనివాళ్ళ వార్డుకి పెద్ద రహంతుల్లా సార్. ఆయన పనిని రెస్పిరేటరీ థెరపీ అంటారు. ఆయాసంతో ఎగపోస్తూ వచ్చిన మనిషికి మళ్ళీ గాలి అందేలా చేసే విద్య అది. దేవుడు మనకి ఊపిరిని ఎంత చప్పుడు లేకుండా ఇచ్చాడో చూశారా? మీరిక్కడ కూర్చుని నా మాట వింటున్నారు, అది తన పని తాను చేసుకుపోతోంది. అది తడబడిన రోజున పక్కన నిలబడడానికి రహంతుల్లా సార్ లాంటివాళ్ళని కూడా ఆ దేవుడే ఇచ్చాడు.

సార్‌కి టీ అంటే ప్రాణం. ఆసుపత్రి గేటు ఎదురుగానే బషీరు టీ బంకు. అయినా సరే, కొత్త శిష్యుడు రోగి దగ్గర ఉన్నంతసేపు ఆయన వార్డు గడప దాటడు. తలనొప్పి వచ్చినా సోంపు నములుతూ స్టూలు మీద కూర్చునుంటాడు. ఏదో ఒక రోజు ఉన్నట్టుండి లేచి, "నువ్వు చూసుకో, నేను టీ తాగొస్తా" అంటాడు. అంతే, ఆ శిష్యుడు గట్టెక్కినట్టు! కాలేజీవాళ్ళు ఎన్ని పట్టాలిచ్చినా ఆ వార్డులో చెల్లేది ఆ టీ ఒక్కటే.

మద్దిలేటి కాలేజీలో ఫస్టు. ఊపిరితిత్తుల గురించి ఏ పేజీలో ఏముందో కళ్ళు మూసుకుని చెప్పేస్తాడు. తనతో పాటు చేరిన సువార్త అనే అమ్మాయికి ఎప్పుడో టీ అయిపోయింది. ఆ పిల్ల ఎదురుపడ్డప్పుడల్లా "ఏం మద్దిలేటీ, సార్ ఇంకా సోంపేనా?" అని అడిగి మరీ పోయేది.

ఒకరోజు ఉండబట్టలేక ఇంటినుంచి ఫ్లాస్కులో టీ పట్టుకొచ్చాడు.

"అల్లం దంచి వేసి తెచ్చినా సార్."

సార్ మూత తీశాడు. వాసన చూశాడు. కళ్ళు మూసుకున్నాడు. తర్వాత ఆ ఫ్లాస్కుని అలాగే తీసుకెళ్ళి, ఎవరో రోగికి తోడొచ్చిన ముసలాయన చేతిలో పెట్టేశాడు.

"టీ నా దగ్గరికి రాకూడదప్పా," అన్నాడు వెనక్కొచ్చి. "నేనే దాని దగ్గరికి పోవాల."

అలాంటి రోజుల్లో ఓబుళమ్మ వచ్చింది.

ఓబుళమ్మకి బస్టాండు పక్కన దోసెల కొట్టు. పెళ్ళయిన నాటినుంచీ కట్టెల పొయ్యి ముందే బతుకు. ఆ పొగంతా లోపల గూడుకట్టి, ఇప్పుడు గాలి లోపలికి పోనూ పోదు, పోయింది బయటికి రానూ రాదు. అయినా మాట మాత్రం తగ్గలేదు. రెండు మాటలకో ఎగశ్వాస, మళ్ళీ రెండు మాటలు. చేర్చుకునేటప్పుడు నర్సమ్మ గాజులూ గొలుసూ తీసి కోడలికిచ్చింది. ఎడమ ముక్కుకున్న ఎర్రరాయి పుడక దగ్గరికి రాగానే ఓబుళమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇది... మా ఆయన పెట్టించింది. ఇది తీస్తే... నన్నూ తీసుకుపోండి."

సరేలెమ్మని వదిలేశారు.

డాక్టరుగారు చూసి బైపాప్ పెట్టమన్నారు. అదొక మిషన్. ముక్కూ నోరూ కలిపి మూసేలా మాస్కు పెట్టి, తల వెనక పట్టీలు కడితే, మనిషి పీల్చినప్పుడల్లా అది గాలిని లోపలికి తోసి సాయం చేస్తుంది.

"సాయంత్రం రౌండ్స్‌కి వస్తాను," అన్నారు డాక్టరుగారు. "అప్పటికి మాస్కు నిలిచి, రక్తంలో చెడుగాలి తగ్గిందా సరే. లేదంటే గొంతులో ట్యూబ్ వెయ్యాల్సిందే. ఈ వయసులో ట్యూబ్ వేస్తే మళ్ళీ తీయగలమో లేదో చెప్పలేను."

కోడలు కొంగు నోట్లో కుక్కుకుంది. రహంతుల్లా సార్ మద్దిలేటి వైపు చూశాడు.

"నువ్వు పెట్టప్పా."

మద్దిలేటికి ఒళ్ళు పులకరించింది. మాస్కు పెట్టాడు. పుస్తకంలో చివరికి చేరాలని రాసిన ఒత్తిడిని మొదట్లోనే పెట్టేశాడు. మాస్కు అంచు సందులోంచి కాస్త గాలి పోయి మిషన్ కూసింది. పట్టీ బిగించాడు. మళ్ళీ కూసింది. మళ్ళీ బిగించాడు. ఓబుళమ్మ చేత్తో ముక్కు చూపిస్తూ లోపల ఏదో అంటోంది.

"అవ్వా, మాట్లాడకూడదు," అన్నాడు మద్దిలేటి, కళ్ళు మిషన్ తెర మీదనుంచి తిప్పకుండా. "మామూలుగా పీల్చు. అంకెలు బాగున్నాయి."

ఓబుళమ్మ మాస్కు పీకి మంచం కింద పారేసింది.

మద్దిలేటి కొత్తది తెచ్చి పెట్టాడు. పీకేసింది. బతిమాలి పెట్టాడు. పీకేసి, ఈసారి గురి చూసి విసిరింది. అది వెళ్ళి సువార్త కాళ్ళ దగ్గర పడింది. ఆ పిల్ల దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి, "నీదేనా?" అని అడిగింది.

మధ్యాహ్నం దాటిపోయింది. ఓబుళమ్మ పెదాలు నల్లబడుతున్నాయి. మాటలు కూడా తగ్గిపోయాయి. ఆమె మాటలు తగ్గడం చూసేసరికి కోడలు ఏడుపందుకుంది.

మద్దిలేటి గురువుగారి స్టూలు దగ్గరికి వెళ్ళాడు.

"సార్, ఆమె మొండి మనిషి. సహకరించడం లేదు. డాక్టరుగారికి చెప్పి కాస్త మత్తు ఇప్పిద్దామా?"

"మత్తిస్తే ఉన్న ఊపిరి ఏమైతుంది?"

మత్తు ఉన్న ఊపిరిని కూడా తగ్గిస్తుందని మద్దిలేటికి పేజీ నంబరుతో సహా తెలుసు. కానీ ఉక్రోషం ఆగలేదు.

"అంత ఓర్చుకోలేనిది మాస్కులో ఏముంది సార్? నేనైతే గంటసేపు పెట్టుకుని కూర్చుంటా."

"గంటొద్దులేప్పా," అన్నాడు సార్. "ఇట్లా కూర్చో."

ఓబుళమ్మ పక్క మంచం ఖాళీగా ఉంది. మద్దిలేటిని దాని మీద కూర్చోబెట్టాడు. శిష్యులకి నేర్పడానికి ఉంచిన మిషన్ ఒకటి లాక్కొచ్చాడు. కొత్త మాస్కు తీశాడు. తర్వాత మద్దిలేటి తెల్లకోటుకి వేలాడుతున్న గుండీని పుటుక్కున తెంపి, ప్లాస్టరు ముక్కతో అతని ముక్కుకి ఎడమ పక్కన అంటించాడు.

"సార్, గుండీ ఎందుకు?"

"ఉండనీ."

దాని మీద మాస్కు పెట్టాడు. పట్టీలు మద్దిలేటి ఎంత బిగించాడో అంతే బిగించాడు. ఒత్తిడి మద్దిలేటి పెట్టినంతే పెట్టాడు. మిషన్ ఆన్ చేశాడు.

అమ్మా, మీరెప్పుడైనా పరిగెత్తే బస్సు కిటికీలోంచి తల బయటపెట్టి నోరు తెరిచారా? అలా కొట్టింది గాలి. వదులుదామంటే ఇంకా లోపలికి తోస్తోంది. బుగ్గలు బూరెల్లా పొంగాయి. గుండీ ముక్కుపక్కన మేకులా దిగింది.

"మ్! మ్మ్మ్!" అన్నాడు మద్దిలేటి, వేలితో ముక్కు చూపిస్తూ.

రహంతుల్లా సార్ అతనికి వీపు తిప్పి తెర వైపు చూస్తూ నిలబడ్డాడు.

"మాట్లాడకూడదు. మామూలుగా పీల్చు. అంకెలు బాగున్నాయి."

"మ్మ్మ్మ్!"

మాస్కు అదిరి మిషన్ కూసింది. సార్ వెనక్కి చూడకుండానే చెయ్యి చాచి పట్టీ ఇంకాస్త బిగించాడు.

పక్క మంచం మీదనుంచి కీచుమని ఒక చప్పుడు వచ్చింది. కోడలు హడలిపోయి చూస్తే ఓబుళమ్మ నవ్వుతోంది. ఊపిరి లేని మనిషి, భుజాలెగరేసి, ఆగి, మళ్ళీ నవ్వుతోంది.

"అబ్బోడా... మొండితనం చేయొద్దు... సహకరించు!"

మద్దిలేటి మాస్కు పీకి పారేశాడు. మళ్ళీ సువార్తకే తగిలేదేమో గానీ, ఆ పిల్ల ఈసారి ముందే పక్కకి జరిగింది.

అతను రొప్పుతూ ముక్కు తడుముకున్నాడు. గుండీ ఊడొచ్చింది. ఎర్రగా గుంట పడింది. మెల్లగా తల తిప్పి ఓబుళమ్మ మొహం చూశాడు. పొద్దున్నుంచీ ఆమె పక్కనే ఉన్నా, ఆ మొహం చూడడం అదే మొదలు. ఎర్రరాయి పుడక చుట్టూ చర్మం కంది, ఉబ్బి, నెత్తురు చిమ్మడానికి సిద్ధంగా ఉంది.

లేచి వెళ్ళి ఆమె మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"అవ్వా, పుడక గుచ్చుకుంటాందా?"

"పొద్దున్నుంచీ... అదే చెప్తాండా. మూతి మూసుకోమంటివి."

"చెప్పినావు. నేనే వినలేదు." మద్దిలేటి గొంతు తగ్గింది. "తీస్తావా అవ్వా? మాస్కు తీయంగానే మళ్ళీ పెట్టుకుందువు."

ఓబుళమ్మ అతని ముక్కు మీది ఎర్రగుంటని చూసింది. వేలితో తాకింది కూడా. తర్వాత తన ముక్కు దగ్గరికి చెయ్యి పోనిచ్చి, మరను మెల్లగా తిప్పి తిప్పి, పుడక తీసి, అతని ఎడమ అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

"పిడికిలి... తెరిచినావంటే... ఊపిరి లేకున్నా లేచొచ్చి కొడతా."

"తెరవను."

ఒక చెయ్యి అలా పోయింది కదా, ఇక మిగిలింది ఒక్క చెయ్యి. ఆ చేత్తో ఒత్తిడి బాగా తగ్గించాడు. పట్టీలు కట్టకుండా మాస్కు ఆమె చేతికే ఇచ్చాడు.

"నువ్వే పట్టుకో అవ్వా. నచ్చకపోతే తీసెయ్యి."

ఆమె పెట్టుకుంది, తీసింది, మళ్ళీ పెట్టుకుంది. మద్దిలేటి ఆమె కళ్ళలోకి చూస్తూ తనూ పీల్చాడు, తనూ వదిలాడు. ఆమె పొట్ట లేచినప్పుడు తను తలెత్తాడు, దిగినప్పుడు దించాడు. చూసేవాళ్ళకి ఇద్దరూ కలిసి ఏదో భజన చేస్తున్నట్టుంది. కొంతసేపటికి ఆమే పట్టీలు చూపించి, కట్టు అన్నట్టు సైగ చేసింది. ఒంటి చేత్తోనే వదులుగా కట్టాడు. కాస్త కాస్త ఒత్తిడి పెంచాడు. సందులోంచి గాలి పోయి మిషన్ కూసింది. మద్దిలేటి ముందు ఆమె మొహం చూశాడు, హాయిగా ఉందని తేల్చుకున్నాకే మిషన్ వైపు తిరిగి కూత ఆపాడు. పట్టీ జోలికి పోలేదు.

సాయంత్రం డాక్టరుగారు వచ్చి రక్తపరీక్ష చూశారు. ఇంకోసారి చూశారు.

"ట్యూబ్ అక్కర్లేదు. ఇలాగే ఉంచండి," అన్నారు.

కోడలు ఏ దేవుడికి దండం పెట్టాలో తోచక గోడకి పెట్టింది, మిషన్‌కి పెట్టింది, రహంతుల్లా సార్‌కి పెట్టింది. ఓబుళమ్మ పెదాలకి రంగు తిరిగొచ్చింది. బాగా అలసిపోయిందేమో, మద్దిలేటి పిడికిలి మీద చెయ్యి వేసి కునుకు తీసింది. అతను కదలకుండా ఆమె పొట్ట లేవడం, దిగడం చూస్తూ కూర్చున్నాడు.

అప్పుడు రహంతుల్లా సార్ స్టూలు మీదనుంచి లేచాడు. గొంతు సవరించుకున్నాడు.

"మద్దిలేటీ, నువ్వు చూసుకో. నేను..."

"ష్!" అన్నాడు మద్దిలేటి, తల తిప్పకుండానే. "ఆమె నిద్రపోతాంది."

తర్వాత జరిగింది మద్దిలేటికి తెలియదు. మర్నాడు బషీరు చెబితే విన్నాడు. రహంతుల్లా సార్ చెప్పులు చేతిలో పట్టుకుని, మునివేళ్ళ మీద వార్డు దాటి, గేటు దాటి, ఉత్తి కాళ్ళతో టీ బంకు దగ్గరికి వచ్చాడట.

"ఏం సార్, ఎన్నాళ్ళకి!" అన్నాడట బషీరు. "పిల్లోడు గట్టెక్కినాడా?"

"నన్నే నోరు మూసుకోమన్నాడప్పా," అన్నాడట సార్, చెప్పులు కింద పెడుతూ. "చక్కెర కొంచెం ఎక్కువెయ్యి."