ఎలుగు కాపలా

గాలివాన వచ్చి పోయింది. కొండవాగు పక్కన ఇప్పచెట్లూ మద్దిచెట్లూ వేళ్ళతో సహా ఒరిగిపోయాయి. నీడ కరువై జంతువులన్నీ బండల కింద తలదాచుకున్నాయి. అయినా వాగుకు ఇవతలి ఒడ్డున, కూలిన మానుల సందుల్లో, ఇప్పమొలకలు తలెత్తాయి.

"అడవి మళ్ళీ లేస్తుందా, లేవదా? అది నేను పరీక్షించి తేలుస్తాను," అంది ఎలుగు. ముసలి ఏనుగు దగ్గర శిష్యరికం చేసి వచ్చింది కదా, దాని మాటకు తిరుగులేదు. "రెండు వానాకాలాలు గడిచేదాకా ఈ ఒడ్డున ఎవరూ కాలు పెట్టకూడదు. రోజూ నేనొక్కదాన్నే వచ్చి మొలకలు చూసుకుంటాను."

బక్కచిక్కిన దుప్పి ఇప్పమొలకల వైపు చూసింది. "ఆ చిగుళ్ళు తప్ప తినడానికి ఇంకేం మిగిలింది వదినా?"

"ఓర్చుకో. రేపు నీకు పుట్టే బిడ్డ ఇక్కడే మేసి పెరుగుతుంది. పూచీ నాది."

"పెద్దక్క మాటే మాట," అంది నక్క. "గడువు తీరేదాకా నేనైతే ఆ వైపు తొంగి కూడా చూడను."

నక్క ఉండేది అవతలి ఒడ్డున. అక్కడ ఎక్కణ్ణుంచో వచ్చిపడ్డ పరాయి ముళ్ళకంప అడ్డూ అదుపూ లేకుండా అల్లుకుంది. దాని కింద గడ్డిపోచ కూడా బతకదు. చెడ్డ నేల చూస్తేగానీ మంచి నేల సంగతి తెలియదని, ఎలుగు ముందు అక్కడికే వెళ్ళేది.

"ఎండలో ఎంత అవస్థ పడుతున్నావక్కా!" అంటూ నక్క నల్లటి కంపపళ్ళ కొమ్మ వంచి పట్టేది. "రెండు నోట్లో వేసుకుని వెళ్ళు. శత్రువు రుచి కూడా తెలియాలిగా!"

"అదీ నిజమే." రెండనుకున్నవి కడుపునిండా అయ్యేవి. తిని, వాగు దాటి, ఇప్పమొలకల మధ్య తీరిగ్గా కూర్చునేది.

తొలి వానలకు ఇవతల ఒక కంపమొక్క కనబడింది. గాలి తెచ్చిందిలే అనుకుంది ఎలుగు. మరికొన్ని మొలిచాయి. పిట్టల పనే అని పిట్టలను తరిమింది. పీకితే పరీక్ష పాడవుతుందని ఒక్కటీ పీకలేదు. ఎంత చదివినా తన సంగతి తనకు పట్టలేదు.

రెండో వానాకాలం వెళ్ళేసరికి కంప దుప్పి ఎత్తు పెరిగింది. దుప్పి ఈనింది. గడువు తీరిందని, పూచీ ఉందని, బిడ్డను వెంటబెట్టుకుని వచ్చింది. చిగుళ్ళ కోసం వెతుకుతుండగా కంపలోంచి బిడ్డ అరుపు వినిపించింది. ఒక్కటే అరుపు.

ఎలుగు పరుగెత్తుకొచ్చి, కంపలోంచి బయటికొస్తున్న నక్కను చూసింది. "ఇక్కడ కాలు పెట్టనన్నావు కదరా!"

"గడువు తీరాకే వచ్చానక్కా, మాట తప్పలేదు," అంది నక్క మూతి నాక్కుంటూ. "బయలు నేలలో నన్ను దుప్పి ఆమడ దూరం నుంచే చూసేది. నేను దాక్కునే ఈ కంప గింజల్ని నువ్వే రోజూ కడుపులో మోసుకొచ్చి పెంటతో పాటు ఇక్కడ వేశావు. కావాలంటే నువ్వు కూర్చున్న చోట్లు చూసుకో."

ఎలుగు చూసింది. రోజూ కూర్చున్న బండ పక్కన కంప. వీపు గోక్కున్న మాను మొదట్లో కంప. వాటి మధ్య ఒక్క ఇప్పమొలకా లేదు. కంచే చేను మేసింది.

గోళ్ళు ఊడేలా పెరకడం మొదలుపెట్టింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

"పూచీ అన్నావు వదినా," అంది దుప్పి. అంతే, మళ్ళీ ఆ ఒడ్డున కాలు పెట్టలేదు.

చీడ ఎవరు తెచ్చారని అడవంతా గాలించేవాళ్ళు, ముందు తమ అడుగులు చూసుకోవాలి.