మంట పోయాక మిగిలిన పేడ

అనగనగా ఒక అడవిలో, ఎలుగుబంటి వంటింటి వెనక ఒక గోబర్ గ్యాస్ తొట్టి ఉండేదర్రా. కాటుకమ్మ అనే బర్రె రోజూ అందులో పేడ వేసేది. ఇటు పేడ వేస్తే అటు పొయ్యిలో నీలం మంట! అది చూసి కాటుకమ్మకు బుర్ర తిరిగిపోయేది. అంతకన్నా విడ్డూరం, తొట్టి రెండో పక్క నుంచి మళ్ళీ పలచటి పేడే బయటికొచ్చేది.

"మండితే బూడిద మిగలాలి గదా ఎలుగక్కా? ఇదేమిటి, పేడ పేడలాగే వస్తోంది?" అని అడిగింది.

"నాకేం తెలుసే తల్లీ! అంబలి కాగితే నాకు చాలు. ఆ మడ్డిని నువ్వే ఎక్కడన్నా పారెయ్," అంది ఎలుగుబంటి.

కాటుకమ్మకు అసలే దిగులు. మేత చేను పసుపెక్కిపోయింది. పాలు తగ్గి, తన పసి దూడ డొక్కలు బయటపడ్డాయి. పాపం, అడుగు తీసి అడుగు వెయ్యలేకపోతున్నాడు.

"సారమంతా మంటైపోయింది. వాగులో కలిపెయ్," అన్నాడు చెట్టు మీంచి చూస్తున్న కొండముచ్చు. సరేనని కలిపేసింది. మర్నాడు వాగులో ఉండే కప్ప ఏడుస్తూ వచ్చింది.

"నీళ్ళు పాడై నా పిల్లలు ఊపిరాడక తేలుతున్నారు వదినా! నీకూ బిడ్డ ఉన్నాడు గదా!"

కాటుకమ్మ పరుగున వెళ్ళి కొండముచ్చుకు ఆ సంగతి చెప్పింది.

"అయితే సారముందేమో. చేలో పోసెయ్," అన్నాడు అదే కొండముచ్చు. చిక్కగా కుమ్మరించింది. ఉన్న నాలుగు గడ్డిపోచలూ మాడిపోయాయి!

"సారం ఉన్నట్టా, లేనట్టా? నాకు పిచ్చెక్కుతోంది మామా!"

"మళ్ళీ వాగులోనే పోసెయ్. కప్పలు అరిస్తే అరవనీ."

కాటుకమ్మ తల అడ్డంగా ఊపింది. "నాకేమీ అర్థం కావట్లేదు. కానీ పసిపిల్లల ఉసురు మాత్రం పోసుకోలేను," అంది. దూరమైనా సరే, కానుగ చెట్టు నీడలో ఉన్న ఎండుటాకుల గుట్ట మీదికి రోజూ ఆ మడ్డిని మోసి పోసింది. ఆకులు దాన్ని పీల్చుకునేవి.

వానలు పడ్డాయి. ఒక పొద్దున దూడ కనిపించలేదు. "అయ్యో, నా బిడ్డ!" అని పరుగెత్తింది. వాడు ఆ గుట్ట పక్కనే, మోకాలెత్తు పచ్చగడ్డిలో నిలబడి కరకరా నములుతున్నాడు! గుట్టను కాలితో కెలికి చూసింది. కంపు లేదు. నల్లటి మట్టిలా పొడిపొడిగా ఉంది. దాన్ని తీసుకెళ్ళి చేనంతా చల్లింది. మేత పెరిగింది. పొదుగు నిండింది.

"ఇప్పటికైనా అర్థమైందా వదినా?" అని నవ్వింది కప్ప.

"సగమే! అదే పేడ మంటిచ్చింది, మేతా ఇచ్చింది. ఎలాగో ఏమిటో! ముందు నా బిడ్డను పాలు తాగనీ," అంది కాటుకమ్మ.

నీతి: వాడటం తెలియనంత మాత్రాన దేన్నీ చెత్త అనకూడదు. దాన్ని తీసుకెళ్ళి పక్కవాళ్ళ బతుకులో అసలే పోయకూడదు.