చిలకలమ్మ గట్టు: పెంకురొట్టె ప్రసాదమైన వైనం

పద్నాలుగు లోకాలు గాలించినా చిలకలమ్మ గట్టుకు సాటివచ్చే క్షేత్రం మరొకటి లేదు. మిగతా పదమూడు లోకాలు చూసివచ్చినవారు ఎవరూ లేరు గనుక ఈ మాటను కాదన్నవారూ లేరు. ఈ లోకం సంగతి అంటారా, పక్క మండలం వాళ్ళే "అదెక్కడ?" అని అడుగుతుంటారు.

గుడి చిన్నది. వంగి లోపలికి వెళ్ళాలి, వంగే బయటికి రావాలి. మరిచిపోయి తల ఎత్తినవారికి ద్వారబంధమే బొట్టు పెట్టి పంపుతుంది. గుడి ముందు రెండు రాతికంబాల మధ్య కట్టిన తీగకు గాజుల్లాంటి గుండ్రటి రొట్టెలు వేలాడుతుంటాయి. పొద్దు పొడవగానే రామచిలకలు దిగి, తలకిందులుగా వేలాడుతూ వాటిని కొరుకుతాయి. అవి కొరికితేనే అమ్మవారు ఆరగించినట్టు. ఉప్పు లేని, బెల్లం లేని, మెత్తదనమన్నది అసలే లేని ఈ పెంకురొట్టే భక్తులకూ ప్రసాదం. పళ్ళు కదులుతున్నవారు కళ్ళకు అద్దుకుంటే చాలునని పూజారి ముందే చెబుతాడు.

పూర్వం ఇక్కడ గుడి లేదు. గట్టు మీద పసుపు పూసిన ఒక రాయి, గట్టు కింద నాలుగు కుమ్మరి ఇళ్ళు ఉండేవి. అందులో ఒక ఇంటికి ఓబుళమ్మ ఎల్లప్పను పెళ్ళాడి కోడలిగా వచ్చింది. వస్తూ వస్తూ ఒక పెంపుడు చిలకను భుజం మీద తెచ్చుకుంది. తల్లి లేని పిల్ల. తండ్రి కుండలు వేసుకుని సంతల వెంట తిరిగేవాడు. పుట్టింట్లో ఆమెకు తోడు రెక్క వంగిన ఆ చిలకే. దాన్ని ఆమె "పెద్దాయనా" అని గౌరవంగా పిలిచేది.

ఓబుళమ్మ వంట నేర్చుకున్నదీ పెద్దాయన దగ్గరే. కొర్రపిండిలో గుమ్మడిగింజలు కలిపి, చిలక కాలితో పట్టుకోవడానికి వీలుగా గాజులా చుట్టి, కుండలు కాల్చే ఆవం అంచున పెట్టి కాల్చేది. రొట్టె మెత్తగా ఉంటే పెద్దాయన ఒక్కసారి నొక్కి చూసి కిందికి విసిరేసేవాడు. రాయిలా ఉంటే కళ్ళు అరమోడ్చి సాయంత్రం దాకా కొరికేవాడు. రొట్టె అంటే ఇలాగే ఉండాలని ఓబుళమ్మ నమ్మింది. కాదని చెప్పడానికి ఆ ఇంట్లో మరో నోరు లేదు.

అత్తగారింట మొదటి రోజున ఆమె వడ్డించిన రొట్టెను అత్త లింగమ్మ కొరికింది. మళ్ళీ కొరికింది. తరువాత దాన్ని నేలకేసి కొట్టి చూసింది. ఖంగుమంది.

"ఏమే అమ్మాయ్, ఆవంలోంచి తీసేటప్పుడు రొట్టె అనుకుని కుండమూత తెచ్చినావా?"

"లేదత్తా, రొట్టే. బాగా కుదిరింది."

"కుదిరిందా! కుదిరింది కాబట్టే నా దవడ కదలడంలేదు."

ఎల్లప్ప మాత్రం నవ్వుతూ "బాగుంది" అన్నాడు. అంతకుమించి మాట్లాడే స్థితిలో అతని నోరు లేదు.

రోజులు గడిచాయి గాని రొట్టె మారలేదు. ఓబుళమ్మ ప్రయత్నించలేదని కాదు. నీళ్ళు ఎక్కువ పోసి, మంట తగ్గించి మెత్తగానే చేసేది. అత్తకు పెట్టేముందు మంచిచెడ్డలు తెలియాలి కదా అని ఒక ముక్క పెద్దాయనకు రుచి చూపించేది. ఆయన విసిరికొట్టేవాడు. "అయ్యో, చెడిపోయింది" అని ఆమె మళ్ళీ ఆవంలో పెట్టేది.

చివరికి లింగమ్మకు ఓపిక నశించింది. "జాతరనాడు నైవేద్యం నీ చేతిదే. అమ్మ ముట్టిందా, ఈ ఇంట్లో ఉండు. ముట్టలేదా, నువ్వూ నీ పెద్దాయనా బండెక్కండి. పుట్టింటికి దిగబెట్టి వస్తాను" అని తేల్చేసింది.

ఓబుళమ్మ ఏడవలేదు. చిలకను ఒళ్ళో పెట్టుకుని, "పోదాంలే పెద్దాయనా, ఒంటరిగా ఉండటం మనకు కొత్తా?" అంది. ఆ మాట ఎల్లప్ప చెవిన పడింది. అతనికి ఆ పూట సారె మీద కుండ నిలవలేదు. పెళ్ళాం పోతుందన్న దిగులు ఒకవైపు, తల్లికి ఎదురు చెప్పలేని పిరికితనం మరోవైపు. కుండ ఎటూ కాక ఒరిగిపోయింది.

జాతరనాటి ఉదయం ఎల్లప్ప నలుగురిలోకి వచ్చి చేతులు జోడించాడు. "అమ్మ నాకు కలలో కనిపించింది. ఓబుళమ్మ చేసిన రొట్టెలు గట్టు మీద వేలాడదీయమంది. తాను చిలకల రూపంలో వచ్చి తింటానంది."

పూజారి తిమ్మన్న అతన్ని కిందినుంచి పైదాకా చూశాడు. "ఏరా, ఇన్నేళ్ళుగా దీపం పెడుతున్న నాకు కనబడలేదు. నీకు కనబడిందా?"

"నువ్వు గురకపెట్టి పడుకుంటావంట మామా. ఎంత పిలిచినా లేవలేదంట."

జనం నవ్వారు. తిమ్మన్న భార్య అందరికంటే గట్టిగా నవ్వడంతో ఆ సాక్ష్యం నిలిచింది.

రాయి ముందు బూరెలు, పులిహోర, పాయసం వరుసగా పెట్టారు. ఓబుళమ్మ రొట్టెలను తాడుకు గుచ్చి పైన కట్టారు. ఎంతసేపు చూసినా ఆకాశంలో ఈక కూడా ఎగరలేదు. లింగమ్మ బండి కోసం అటూ ఇటూ చూడసాగింది. ఎల్లప్ప చొక్కా చెమటకు తడిసి ఒంటికి అతుక్కుంది. అప్పుడు పెద్దాయన ఓబుళమ్మ భుజం దిగి, తాడు పట్టుకుని పైకి పాకి, ఒక రొట్టెను కొరికి గట్టిగా కూత పెట్టాడు.

ఆ కూతకు కొర్రచేలలోంచి పచ్చటి మబ్బు లేచినట్టు చిలకలు లేచాయి. బూరెల వంక చూడలేదు, పాయసం వంక చూడలేదు. నేరుగా వచ్చి రొట్టెలకు వేలాడి, గట్టంతా టకటకలాడేలా కొరకసాగాయి. పొద్దువాలినా వదలలేదు. ఆ రోజు చేలలో ఒక్క కంకి రాలలేదు.

లింగమ్మ ముందు రాతికి మొక్కింది. తరువాత కోడలి వైపు తిరిగింది.

"అమ్మకు నువ్వు చెయ్యి. ఇంట్లోకి నేను చేస్తాను. అమ్మకున్న పళ్ళు మాకు లేవు తల్లీ."

ఓబుళమ్మ ఆ ఇంట్లోనే ఉండిపోయింది. రాతి చుట్టూ గుడి లేచింది. నేటికీ జాతరకు కుమ్మరి ఇంటి కోడళ్ళే ఈ రొట్టెలు కాలుస్తారు. కొత్త దంపతులు జంటగా వచ్చి ఒకే రొట్టెను చెరోవైపు పట్టుకుని కొరుకుతారు. కొరికేముందు భర్త అంతవరకు భార్యకు చెప్పని నిజం ఒకటి చెప్పాలి. చెప్పినవారి కాపురం రొట్టెంత గట్టిగా ఉంటుందని, పైరు మీద పిట్ట వాలదని భక్తుల నమ్మకం. చెప్పకుండా కొరికినవారు పన్ను ఎక్కడ పడిందో వెతుక్కుంటూ కనిపిస్తారు.

ఈ ఆచారం ఎల్లప్పతోనే మొదలైంది. గుడి కట్టాక వచ్చిన మొదటి జాతరలో ఓబుళమ్మ మురిసిపోతూ, "ఊరంతా నా రొట్టెను వెక్కిరించినా నువ్వొక్కడివే ఇష్టంగా తిన్నావు. చేనికి పోతూ రోజూ రెండు అడిగి మరీ కట్టించుకున్నావు" అంది. ఎల్లప్ప అమ్మవారి వంక చూశాడు. పెద్దాయన వంక చూశాడు. ఎవరూ ఆదుకోలేదు.

"ఓబులూ, నాకు కల రాలేదు. మొదటి రోజు కొరికిన ముక్క తప్ప నీ రొట్టె ఒక్కటీ తినలేదు. పెళ్ళయిన మర్నాటినుంచీ రోజూ గట్టెక్కి, ఆ చిలకలకే వేస్తూ వచ్చినాను."