పచ్చబడ్డ బటన్

...ఏమనుకోకండమ్మా, పిల్లలకి నీతి కథొకటి చెప్పమని మీరడిగి పది రోజులైంది, నాకే తీరిక దొరకలేదు. సరే, ఈ వాయిస్ మెసేజ్‌లో చెప్తున్నా, వినండి.

తెనాలిలో పానకాలు అని ఫోన్ యాప్‌లు తయారుచేసే కుర్రాడు ఉండేవాడు, పైకి బాగుంటే చాలు, లోపల పని తర్వాత చూసుకోవచ్చులే అనే రకం. ఓ పాలకేంద్రం ప్రెసిడెంటు అతన్ని పిలిచి, "గొడ్డుకి బాగోకపోతే రైతు ఒక్క బటన్ నొక్కాలి, పశువుల డాక్టరుకి కబురెళ్ళాలి" అన్నాడు.

పానకాలు ఎర్ర బటన్ పెట్టాడు. నొక్కితే పచ్చబడేది. "కబురందింది, డాక్టరుగారు బయల్దేరారు" అని పడేది. అంతే! నిజంగా కబురు పంపే ప్రోగ్రాం మాత్రం ఇంకా రాయలేదు. చూపించిన రోజు ప్రెసిడెంటు తనే నొక్కి, పచ్చబడగానే "భేష్! ఇవాళే అందరి ఫోన్లలో వేసెయ్" అన్నాడు.

ఇంకా పని ఉందండీ అనాలా? అనలేదు. సోమవారం రాసేద్దాంలే అనుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం ఆదెమ్మ అనే ఆవిడ గేదెకి నొప్పులొచ్చాయి. దూడ అడ్డం తిరిగింది. ఆదెమ్మ బటన్ నొక్కింది. పచ్చబడింది.

పక్కింటి బుల్లయ్య వచ్చి, "వదినా, బండి మీద వెళ్ళి డాక్టర్ని తీసుకొచ్చేదా?" అన్నాడు.

"ఎందుకయ్యా, బయల్దేరాడుగా! దార్లో ఉంటాడు."

పొద్దుగూకేదాకా వాకిట్లో నిలబడే ఉంది. గేదె పోయింది, కడుపులో దూడా పోయింది. ఆ ఇంటికి ఆధారం అదొక్కటే. డాక్టరేమో ఆ పూటంతా ఇంట్లోనే ఉన్నాడట.

మర్నాడు ఆదెమ్మ పాలకేంద్రానికొచ్చింది. పానకాలు అక్కడే ఉన్నాడు. ఆవిడ తనని కొట్టినా బాగుండుననుకున్నాడు. ఆవిడ చూపుడువేలు చాపి, "గడ్డి కోసీ కోసీ కాయలు కాసిందయ్యా ఈ వేలు. నేనే సరిగ్గా నొక్కలేదేమో. ఎట్లా నొక్కాలో చెప్పు నాయనా" అంది.

"నువ్వు సరిగ్గానే నొక్కావమ్మా" అన్నాడు పానకాలు. "దాని వెనక ఏమీ లేదు. తప్పు నాది."

"ఏమీ లేకపోతే మరి పచ్చగా ఎందుకైందయ్యా?"

పానకాలు ఆ రోజే మిగతా ప్రోగ్రాం రాశాడు. ఇప్పుడు నొక్కితే డాక్టరు వస్తాడు. ఆదెమ్మ కొట్టంలో గేదే లేదు.

అందుకే పిల్లలూ, కాని పనిని అయిందని చెప్పకూడదు. కాలేదంటే ఎదుటివాళ్ళు ఇంకో దారి చూసుకుంటారు, అయిందన్నామా, ఆ దారి కూడా మనమే మూసేసినట్టు. అదీ... ఆఁ? వస్తున్నా అత్తయ్యా, వస్తు—