నవ్వితే కనిపించే పన్ను

వెండిదా, తెల్లదా? ఈ మాట స్వామిని అడగాలని హైమ పొద్దుటి నుంచి అనుకుంటోంది. తెలియక కాదు. జవాబు తన దగ్గరే ఉంది. అదే జవాబు స్వామి నోట ఒకసారి వింటే, ఆ తర్వాత అన్నం సయిస్తుందని.

వంశధార ఒడ్డున వాళ్ళ ఆశ్రమం చిన్నది. కొన్ని రేకుల గదులు, ఒక వంటశాల, నదికి ఎదురుగా ఒక అరుగు. స్వామి దీక్షానామం ఎవరికీ గుర్తులేదు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకి ఆయన పళ్ళ స్వామి. సన్యాసం పుచ్చుకోక ముందు సర్కారు ఆసుపత్రిలో పళ్ళ డాక్టరు. ఇల్లు వదిలారు, ఆస్తి వదిలారు, పళ్ళు మాత్రం వదల్లేకపోయారని కూర్మారావు అందరికీ చెప్పి నవ్వుతుంటాడు. కూర్మారావు అక్కడ వంట చేస్తాడు, పళ్ళు చూపించుకోవడానికి వరసలో ఉన్నవాళ్ళని పేరు పెట్టి పిలిచేదీ అతనే.

హైమ విశాఖలో పళ్ళ డాక్టరు చదువు చదివి, అందరికంటే ముందు నిలిచి, ఆత్మజ్ఞానం కావాలని ఇక్కడికి వచ్చింది. స్వామి ఆమె మాట అంతా విని, మూల గదిలో పళ్ళు చూసే పాత కుర్చీ చూపించారు. ముందు దాన్ని చూసుకోమన్నారు. కొన్నాళ్ళు పోయాక, ఉపనిషత్తు ఎప్పుడు మొదలుపెడతారు స్వామీ అని అడిగితే, "మొదలైంది కదమ్మా" అన్నారు.

ఆమె చెయ్యి మంచిది. పుచ్చు పంటిలో ఆమె పెట్టిన సిమెంటు ఊడిందని తిరిగొచ్చిన మనిషి లేడు. ఆ మాట ఆమె తనంతట తాను అనదు. ఎవరైనా అంటే మాత్రం వద్దనదు.

అలాంటి రోజుల్లో పైడితల్లి వచ్చింది.

నది అవతల ఊరు. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల. కోరపన్ను పక్క పన్ను, బయటివైపు, చిగురు అంచున పుచ్చింది. చల్లనీళ్ళు తాగితే ప్రాణం పోతోందంది. ఆ మాట కూడా నవ్వుతూనే చెప్పింది. నోరంతా తెరిచి, తల వెనక్కి వేసి నవ్వే నవ్వు అది. గది బయట బల్ల మీద కూర్చున్నవాళ్ళు ఏమిటో తెలియకుండానే నవ్వారు.

హైమ పుచ్చు తీసింది. లోతుగా ఉంది. చిగురు నుంచి నెత్తురు, ఊట ఆగడం లేదు. దూది పెడుతోంది, తడుస్తోంది. మళ్ళీ పెడుతోంది, మళ్ళీ తడుస్తోంది. తెల్ల సిమెంటుకి తడి పడదు. పంటి రంగులో కలిసిపోతుంది, మంచి పంటిని ఎక్కువ తొలవక్కర్లేదు, అంతా బాగానే ఉంటుంది గాని, పెట్టేటప్పుడు చుక్క చెమ్మ తగిలినా తర్వాత నిలవదు. వెండిది అలా కాదు. వెండి పొడిలో పాదరసం కలిపి కూరితే తడిలోనూ కూర్చుంటుంది, ఏళ్ళ తరబడి కదలదు. కాకపోతే అది పంటికి అతుక్కోదు. దాన్ని పట్టి ఉంచడానికి లోపల గూడు చెక్కాలి. అంటే బాగున్న పన్ను కూడా కొంత పోతుంది. పైగా రాను రాను నల్లబడుతుంది.

ఈ పిల్ల నది దాటి మళ్ళీ మళ్ళీ రాదు, అనుకుంది హైమ. ఊడితే ఊడిందని వదిలేస్తుంది. చివరికి పన్నే పోతుంది.

"వెండిది పెడుతున్నానమ్మా. గట్టిగా ఉంటుంది. సరేనా?"

పైడితల్లి కుర్చీ మీంచి చెయ్యి ఎత్తింది.

"చెయ్యి దించమ్మా. కదిలితే సూది గుచ్చుకుంటుంది."

చెయ్యి దిగింది. హైమ గూడు చెక్కింది, వెండి కూరింది, నున్నగా దిద్దింది. అంత చక్కగా కుదిరిన పని ఈ మధ్య చెయ్యలేదని ఆ సాయంత్రం తనలో తాను అనుకుంది కూడా.

వరి ఊడుపులు అయిపోయాక పైడితల్లి మళ్ళీ వచ్చింది. ఈసారి తన కోసం కాదు, అత్త నరసమ్మని తీసుకుని. నరసమ్మకి దవడ వాచింది. వాపు తగ్గితే గాని పన్ను తియ్యకూడదని హైమ మందులిచ్చి, వారం తర్వాత రమ్మంది. ఇస్తూ కోడలి వైపు తిరిగింది.

"నీ పన్ను ఎలా ఉంది? నొప్పేమైనా ఉందా?"

"నేదమ్మా. గట్టిగుంది. సెనగలు కూడా నమిలేస్తన్నాను."

నరసమ్మ బుగ్గ పట్టుకునే అందుకుంది. "గట్టిగుండక ఏటవుతాదమ్మా. అందరూ బుగ్గన దిష్టిసుక్క ఎట్టుకుంటే మా కోడలు పంటికెట్టుకుంది. ఊడుపుల్లో ఇదే పాటెత్తాల. దీని గొంతు ఆ గట్టుకినపడీది. ఈయేడు కొంగడ్డమెట్టుకుని పాడింది. ఎనక వరసోళ్ళు, ఏటే పైడీ, ముక్కుతో పాడతన్నావా అని ఒకటే ఎకసెక్కం."

పైడితల్లి నవ్వింది. నవ్వు మొదలవుతుండగానే చెయ్యి వచ్చి నోటికి అడ్డం పడింది. ఆ చెయ్యి ఎవరూ చెప్పకుండా, దానంతట అదే లేచింది. పిల్లకి తెలిసినట్టు కూడా లేదు.

హైమ అది చూసింది. చూసి, మందుల పొట్లం మీద వేసుకోవలసిన వేళ రాయడం మరిచిపోయింది.

ఆ సాయంత్రం పనిముట్లు వేణ్ణీళ్ళలో మరుగుతుంటే, స్వామి పక్కన నిలబడి అడిగింది.

"స్వామీ, చిగురు పక్కన, తడి ఆగని చోట, తెల్లది పెట్టాలా వెండిది పెట్టాలా?"

"ఎవరి పంటికి?"

"ఎవరిదైనా. పద్ధతి అడుగుతున్నాను."

"ఎవరిదైనా అయిన పన్ను నేనింతవరకు చూడలేదమ్మా."

హైమకి కొంచెం ఉక్రోషం వచ్చింది. "పైడితల్లిదే అనుకోండి. తెల్లది పెడితే ఏడాది నిలిచేది కాదు. వెండిది పెట్టాను. నేను చేసింది తప్పా?"

"తప్పని ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు."

"మరి?"

"నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకుంటోంది."

స్వామి పట్టకారుతో ఒక్కొక్క పనిముట్టూ తీసి గుడ్డ మీద పెడుతున్నారు. చివరిది పెట్టి తలెత్తారు.

"ఆ పిల్లని అడిగావా?"

"అడిగాను స్వామీ. అడక్కుండా ఎవరికీ ఏదీ చెయ్యను. వెండిది పెడుతున్నాను, సరేనా అన్నాను. వద్దనలేదు."

"ఎప్పుడు అడిగావు?"

"పెట్టే ముందే."

"రా, కూర్చో" అన్నారు స్వామి.

హైమ కుర్చీలో కూర్చుంది. తన పళ్ళలో ఏదో చూపించి పాఠం చెబుతారనుకుంది. స్వామి కుర్చీ వెనక్కి వాల్చి దీపం వంచారు. నోరు తెరవమన్నారు. రెండు బుగ్గల్లోనూ దూది చుట్టలు పెట్టారు, నాలుక కింద ఒకటి పెట్టారు. చిన్న అద్దంతో పెదవి పక్కకి లాగి పట్టుకున్నారు. పడుకుని చూస్తే ఆ గది వేరుగా ఉంది. దీపం తప్ప ఏమీ కనిపించదు. మాట్లాడే మనిషి మొహం తలకిందులుగా ఉంటుంది.

"హైమా, రేపటి నుంచి నువ్వు ఈ గదికి రావద్దు. వంటశాలలో కూర్మారావుకి సాయంగా ఉండు. నీకూ విశ్రాంతిగా ఉంటుంది. సరేనా?"

హైమ చెయ్యి ఎత్తింది.

"చెయ్యి దించమ్మా" అన్నారు స్వామి, ఎంతో దయగా. "కదిలితే సూది గుచ్చుకుంటుంది."

ఆయన గొంతులో వెటకారం లేదు. హైమ ఎన్నోసార్లు ఎలా అనేదో అలాగే ఉంది, ఆ దయతో సహా. ఆమె చెయ్యి గాలిలో ఆగిపోయింది. తర్వాత దానంతట అదే కుర్చీ మీదికి దిగింది.

స్వామి గుమ్మం వైపు తిరిగి, "కూర్మారావూ, రేపటి నుంచి డాక్టరమ్మగారు నీ దగ్గర" అని కేక వేశారు. అప్పుడు దూది తీశారు.

"స్వామీ, నేను..."

"అడిగాను కదమ్మా. వద్దనలేదు" అని, దీపం ఆర్పి వెళ్ళిపోయారు.

మర్నాడు హైమ వంటశాలకి వెళ్ళింది. స్వామి ఊరికే అన్నారేమో, పిలుస్తారేమో అని కాసేపు గుమ్మం వైపే చూసింది. ఎవరూ పిలవలేదు. కూర్మారావు కత్తిపీటా వంకాయల బుట్టా ముందు పెట్టాడు.

"డాక్టరమ్మగారూ, పుచ్చున్నచోట చెక్కి తీసేస్తే సాలండి. సిమెంటు మాత్రం ఎట్టకండి, కూర గట్టిపడిపోద్ది."

నవ్వొచ్చింది గాని నవ్వలేకపోయింది. వంకాయలు తరుగుతున్నా, బియ్యం కడుగుతున్నా, కళ్ళ ముందు ఆ కుర్చీయే. పైడితల్లి ఒక్కతేనా? చెయ్యి ఎత్తినవాళ్ళు ఎందరు? దించమనగానే దించినవాళ్ళే అందరూ. వాళ్ళ నోట్లో ఎక్కడ ఏముందో ఆమె ఇప్పటికీ బొమ్మ గీసి చూపించగలదు. వాళ్ళేం చెప్పబోయారో ఒక్కటీ తెలియదు. ఆ మాటలు దూదితో పాటు బుట్టలో పడిపోయాయి.

నరసమ్మ పన్ను తియ్యవలసిన రోజు వచ్చింది. పడవ ఒడ్డుకి తగలగానే అత్తాకోడళ్ళిద్దరూ దిగి వస్తుంటే హైమ వంటశాల కిటికీలోంచి చూసింది. చేతులు కడుక్కుంది. ఎవరూ పిలవకుండానే వెళ్ళి స్వామి ఎదుట నిలబడింది.

"ఆ పిల్లతో మాట్లాడనిస్తారా?"

స్వామి పక్కకి జరిగారు.

హైమ పైడితల్లిని కుర్చీ ఎక్కించలేదు. కిటికీ దగ్గర చాప మీద కూర్చోబెట్టి తను ఎదురుగా కూర్చుంది. ఉన్నదున్నట్టు చెప్పింది. వెండిది తీసి తెల్లది పెట్టొచ్చు. కానీ వెండిది పట్టడానికి అప్పుడు మంచి పంటిని కూడా చెక్కాను, ఇప్పుడు పంటి గోడ పలచగా ఉంది. తీసేటప్పుడు విరగొచ్చు, నరం దాకా పోవచ్చు. విరగకుండానూ రావొచ్చు. తియ్యకపోతే పన్ను గట్టిగా ఉంటుంది, ఆ నలుపూ ఉంటుంది.

"నీకేది కావాలి?"

"నాకేటి తెలుస్తాదమ్మా. మీ ఇష్టం."

హైమ చెయ్యి అలవాటుగా పక్కనున్న పనిముట్ల పళ్ళెం వైపు వెళ్ళింది. పళ్ళెంలోని దూది సీసా మూత మీద స్వామి అరచెయ్యి ఉంది. ఆయన ఆమె వైపు చూడటం లేదు. కిటికీలోంచి నది వైపు చూస్తున్నారు.

హైమ చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. బయట నరసమ్మ ఎవరితోనో ధాన్యం సంగతి మాట్లాడుతోంది. పడవవాడు తెడ్డు దులిపి అరుగుకి ఆనించాడు. పైడితల్లి చాప అంచు పీకుతూ చాలాసేపు కూర్చుంది.

"అప్పుడడిగుంటే తెల్లదే అందునమ్మా" అంది చివరికి. తప్పు పట్టినట్టు కాదు, మామూలుగా. "ఊడితే మళ్ళీ వచ్చీదాన్ని. పడవెక్కడం మాకు కొత్తేటి? మా కన్నోరి ఊరు ఇటే కదా, నెలనెలా దాటతాను."

హైమ తల వంచుకుంది.

"ఇప్పుడైతే ఇలాగే ఒగ్గీండి. నలుపైనా నాదే కదా. ఉన్న పన్ను ఇరగ్గొట్టుకోను."

"సరే" అంది హైమ. ఇంకేదో అనబోయింది. ఏ మాట అనబోయినా అది తన బరువు దించుకోవడానికేనని తోచి ఊరుకుంది.

పైడితల్లి లేచి బయటికి వెళ్ళింది. హైమ స్వామి వైపు చూసింది. మళ్ళీ వంటశాలకి వెళ్ళాలో, ఇక్కడే ఉండాలో ఆమెకి తెలియలేదు.

"నరసమ్మగారు చాలాసేపటి నుంచి కూర్చున్నట్టున్నారు" అన్నారు స్వామి.

హైమ లోపలికి పిలవలేదు. తనే బయటికి వెళ్ళి, బల్ల మీద ఆ పెద్దావిడ పక్కన కూర్చుంది.

"చెప్పమ్మా, ఎప్పటి నుంచి ఈ పన్ను?"

నరసమ్మ కాళ్ళు పైకి లాక్కుని బాసింపట్టు వేసుకుంది. "ఇది ఈనాటిది కాదమ్మా. మా పెద్దోడి పెళ్ళినాడు సెరుగ్గెడ కొరికినాను. మా ఆయన సూసి, ఒసే, పెళ్ళికూతురు కంటే నువ్వే ముందు తినేస్తన్నావేటే అన్నాడు. ఆ దిష్టే కొట్టింది..."

కథ చెరుకు తోటలు దాటి, పెళ్ళిపందిరి దాటి, వియ్యపురాలి గొడవ దాకా వెళ్ళింది. పంటి దగ్గరికి రావడానికి ఇంకా చాలా దూరం ఉంది. లోపల కుర్చీ ఖాళీగా ఉంది. హైమ తొందరపెట్టలేదు.

వియ్యపురాలి మూతి విరుపు నరసమ్మ చేసి చూపించేసరికి, పక్కన నిలబడ్డ పైడితల్లి పకపకా నవ్వబోయింది. చెయ్యి వచ్చి నోటికి అడ్డం పడింది.

హైమ చూపు తిప్పుకోలేదు.