గూడబాతులూ, రుబ్బురోలూ

కొల్లేటి ఒడ్డున గరువుపాలెంలో గవర్రాజు కుటుంబం ఒకటుండేది. గవర్రాజు, పెళ్ళాం అచ్చియ్యమ్మ, తమ్ముడు నూకరాజు, ముగ్గురే మనుషులు. ఊరు మొత్తమ్మీద తెలివంటూ ఉంటే అది తమ గడపలోనే ఉందని వాళ్ళ నమ్మకం. ఎవరేం చెప్పినా చెప్పింది చెప్పినట్టు చేసేవాళ్ళు, వీసమెత్తు తేడా రానిచ్చేవాళ్ళు కాదు. "తెలివంటే ఇదేనోయ్" అని గవర్రాజు మీసం దువ్వుకునేవాడు.

పాపం, అచ్చియ్యమ్మకి ఒకటే కోరిక. కొల్లేట్లో వాలే గూడబాతుల్ని కళ్ళారా చూడాలి. కాపరానికొచ్చి ఇరవై ఏళ్ళయినా ఆ యోగం పట్టలేదు. పడవలో కాలు పెట్టిందో లేదో, వాంతి! "ముక్కు కింద సంచీ ఉంటుందటండీ ఆ పిట్టకి! చూడకుండానే పోతానేమో" అని కళ్ళనీళ్ళు పెట్టుకునేది.

ఈ కార్తీకంలో ఎలాగైనా చూపిస్తానని గవర్రాజు మాటిచ్చి, కాంపౌండరు దగ్గరికెళ్ళాడు. ఆయన చెప్పింది నాలుగే ముక్కలు. "ఖాళీ కడుపుతో వెళ్ళద్దు, అలాగని నిండానూ తినద్దు. నోట్లో అల్లం ముక్క పెట్టుకోండి. పడవ మధ్యలో కూర్చోండి. కదలనిదేదైనా చూసుకుని, దానిమీంచి చూపు తిప్పకండి."

ఇంకేముంది! తెల్లారగానే గవర్రాజు పన్నెండు ఇడ్లీలు లాగించాడు. పెళ్ళానికి ఒక్కటీ పెట్టలేదు. "నాది నిండా, నీది ఖాళీ. ఇంటి మొత్తమ్మీద సరిపోయిందా లేదా?" అన్నాడు. నూకరాజు మధ్యస్థంగా ఉండాలని పచ్చడి నాకి ఊరుకున్నాడు. నోట్లో మాత్రం బుగ్గ పొంగేంత అల్లం ముక్క పెట్టుకున్నాడు. నమలమని ఎవరూ చెప్పలేదు కాబట్టి నమల్లేదు.

"మరి మనింట్లో కదలనిదేముందే?" అని పెళ్ళాన్ని అడిగాడు గవర్రాజు.

"రుబ్బురోలండీ. అత్తగారు పెట్టినచోటే ఉంది, ఒక్కనాడూ కదిలి ఎరగదు" అంది అచ్చియ్యమ్మ.

అంతే. అన్నదమ్ములిద్దరూ రోలు పెకలించి, తాళ్ళు బిగించి, గెడకి వేలాడదీసి రేవుకి మోసుకుపోయారు.

పడవ పోలయ్య అది చూసి నోరు తెరిచాడు. "అయ్యా, కదలనిదంటే దూరంగా ఏ గట్టో, చెట్టో..."

"గట్టు మనదా ఏంటి? రోలు మనది" అన్నాడు గవర్రాజు.

తాడు పెట్టి కొలిస్తే పడవకి సరిగ్గా మధ్యన జానెడు చోటు తేలింది. ముగ్గురూ అందులోనే ఇరుక్కున్నారు. ఎదురుగా రోలు. బుట్ట పెట్టుకునే జాగా లేక పోలయ్య తను పట్టిన చేపలన్నీ రోటి గుంటలోనే వేసుకున్నాడు. పడవ అంచుకీ నీటికీ బెత్తెడే ఎడం.

అచ్చియ్యమ్మ రెప్ప వెయ్యకుండా రోలే చూస్తోంది. వాంతి రాలేదు! ఆవిడ సంతోషం ఇంతా అంతా కాదు. అంతలో చేపల వాసనకి ఓ గూడబాతు రెక్కలు టపటపలాడిస్తూ వచ్చి రోటి మీదే వాలింది.

"అమ్మా, అదిగో!" అని అరిచాడు పోలయ్య.

"నన్ను పలకరించకయ్యా, చూపు తప్పుతుంది!" అంది అచ్చియ్యమ్మ. "ఏవండీ, ఏదో సంచీ రోటికి అడ్డొస్తోందండీ! హుష్! పో! గూడబాతుల్ని చూద్దామని వస్తే ఇదేం గోలమ్మా!" అని కొంగుతో అదిలించి తోలేసింది.

పోలయ్య తల బాదుకున్నాడు.

ఒడ్డెక్కాక అడిగాడు, "ఏం చూశావమ్మా?"

"రోలు చూశాను" అంది. అన్నాక గుర్తొచ్చింది ఆవిడకి. గొల్లుమంది. పోలయ్యకి జాలేసింది. రోట్లో రెండు చేపలు పులుసుకని వదిలేసి, "ఏడవకమ్మా, మీరు పోయే దార్లో తుమ్మచెట్ల నిండా గూడబాతులే, ఇవాళే కొత్తగా దిగాయి. నేలమీద నించుని చూసుకో" అన్నాడు.

గవర్రాజు ఆలోచించాడు. "రోలు చూసినంతసేపూ వాంతి రాలేదు. అంటే జబ్బు పడవలో లేదే, పిట్టల్లో ఉంది! ఇంత కష్టపడి తెచ్చుకున్న ఆరోగ్యం చెట్ల కింద పోగొట్టుకుంటామా?" అని తువ్వాలు తీసి పెళ్ళాం కళ్ళకి గంతలు కట్టేశాడు. ఇన్నాళ్ళకి తన ఒంటి గురించి ఇంత శ్రద్ధ పెట్టాడని ఆవిడ మురిసిపోయింది.

రోలు మళ్ళీ గెడకెక్కింది. గవర్రాజు ముందు, నూకరాజు వెనక, మొగుడి చొక్కా పట్టుకుని అచ్చియ్యమ్మ. తుమ్మచెట్ల కిందకి రాగానే చేపల కోసం ఓ గూడబాతు దిగి, వేలాడుతున్న రోలెక్కి దర్జాగా కూర్చుంది. నూకరాజు చూశాడు. "ఊఁ! ఊఁ!" అన్నాడు. అల్లం తియ్యమని ఎవరూ చెప్పలేదు మరి. ఊరు ఊరంతా వీధిలోకొచ్చి ఊరేగింపు చూసింది.

వాకిట్లో రోలు దించారు. పిట్ట రెండు చేపలూ సంచీలో వేసుకుని ఎగిరిపోయింది. అప్పుడు గవర్రాజు గంతలు విప్పాడు.

అచ్చియ్యమ్మ ఖాళీ రోలు చూసింది. "ఏవండీ, వచ్చే ఏడాదైనా చూపిస్తారా?"

"చూపించకేం! ఈ రోలు చిన్నదైంది, పిట్టలు అడ్డొస్తున్నాయి. ఇంకా పెద్దది చెక్కిద్దాం" అన్నాడు గవర్రాజు.